వెనుక నోటి తుపాకి

వైజయంతి రాజ్యపు సైన్యం తుమ్మలేటి ఒడ్డున రూపుమాసిపోవడానికి ఒక పూటైనా పట్టలేదు.

ఆ ఉదయం మూడువేల మంది తుపాకీదార్లు ఎర్రని తలపాగాలు చుట్టుకుని, మూడు బారులుగా, భుజానికి భుజం ఆనించి వాగు ఒడ్డున నిలబడ్డారు. వారి వెనుక ఏనుగులు, ఏనుగుల మీద నగారాలు, ఆ నగారాల వెనుక ముత్యాల జాలరు వేలాడే వెల్లగొడుగు కింద యువకుడైన మహారాజు చిత్రభానుడు. పొగమంచు వాగునీటిని కప్పేసింది. ఆవలి గట్టున ధూమ్రపురి సేన జాడ లేదు. దున్నిన చేలు, చేలకు అడ్డంగా మోకాలెత్తు మట్టిగట్లు, అంతే.

మొదటి బారుకు నాయకుడు గొంకన. కమ్మరి కొలిమి ముందు పుట్టి పెరిగి, మీసాలు రాకముందే సైన్యంలో చేరి, ముప్పై ఏళ్ళకు దళనాయకుడైన మనిషి. అతనికి తెలిసిన యుద్ధం ఒకటే. రెండు సేనలు ఎదురెదురుగా నిలబడి ఒకసారి కాల్చుకుంటాయి. ఆ తరువాత ప్రతి తుపాకీదారూ మందు పొట్లం పంటితో కొరికి, మందును గొట్టం మూతిలో పోసి, గుండు జారవిడిచి, ఇనుపకడ్డీతో అడుగుదాకా దట్టించి, చివరకు మందుకు నిప్పంటించే రంజకం పెట్టుకోవాలి. ఇదంతా నిలబడి చేయవలసిన పని. ఆ కాస్త వ్యవధిలో ఎవరు ముందుకు దూకితే గెలుపు వారిది.

మట్టిగట్ల వెంట ఆ చివర నుంచి ఈ చివర దాకా నిప్పు మెరిసింది. గొంకన దళం బదులు కాల్చింది. "కడ్డీలు తియ్యండి" అన్న ఆజ్ఞ అతని నోట్లో ఉండగానే గట్లు రెండోసారి మెరిశాయి. కడ్డీలు గొట్టాల్లోకి దిగకముందే మూడోసారి, దట్టించడం పూర్తికాకముందే నాలుగోసారి. ఇంత జరిగినా గట్టు మీద ఒక్క తల పైకి లేవలేదు.

"లేచి నిలబడకుండా మందు ఎట్టా కూరుతున్నారు బావా?" అన్నాడు పక్కనున్న మాచన. అతను గొంకన చెల్లెలి భర్త. జవాబు వినకుండానే గొంకన కాళ్ళ మీదికి ఒరిగిపోయాడు.

పొద్దు తాటిచెట్టంత ఎత్తు లేచేసరికి వాగులో నీళ్ళు తలపాగాల రంగుకు తిరిగాయి. మూడువేల మందిలో కోటకు చేరినవారు మూడు వందలు. మాచన శవం కింద కదలకుండా పడుకున్న గొంకనను శత్రువులు చచ్చినవాడనుకుని దాటిపోయారు. వాళ్ళు పోయాక అతను పాక్కుంటూ వాగు దాటి ఆ మట్టిగట్టు వెనక్కు చేరాడు. అక్కడ కాల్చకుండా జారిపోయిన కాగితపు తూటా ఒకటి దొరికింది. దాన్ని నడుముకు కట్టుకుని మూడు రోజులు నడిచి రాజధాని చేరాడు.

సభలో ఎవరి నోట విన్నా ఒకటే మాట. ధూమ్రపురి మాంత్రికుడు కంకాళనాథుడు తుపాకుల్లోకి యక్షిణులను దింపాడు, అందుకే అవి తమంతట తాము మందు మింగుతున్నాయి, దానికి విరుగుడు హోమం జరిపించాలి. గొంకన ఏమీ వాదించలేదు. తూటాను రాజు ముందు పెట్టి చీల్చి చూపించాడు.

"మందు, గుండు, రంజకం మూడూ ఒక్క కాగితంలోనే ఉన్నాయి ప్రభూ. రంజకాన్ని నడిమధ్యన, గుండుకు సరిగ్గా కింద దాచారు. ఇది మంత్రం కాదు. ఎవరో పనితనం తెలిసినవాడు చేసిన పని."

చిత్రభానుడు ఆ తూటాను చాలాసేపు చూశాడు. ఆ ఏడే పట్టం కట్టుకున్నవాడు, మాట ఇంకా గట్టిపడనివాడు. "వాళ్ళ సేన పదిహేను రోజుల్లో మన కోట ముందుంటుంది గొంకనా. ఆ లోగా అలాంటి తుపాకి ఒకటి నా చేతిలో పెట్టు. మన కమ్మరులు వెయ్యి చేస్తారు" అన్నాడు.

తుపాకీదారుడికి కుడి చెంప మీద రంజకం ఎగిరి పడిన నల్లచుక్కలు ఉంటాయి. జన్మలో పోవు. ధూమ్రపురి కావలివాళ్ళు వాటికోసమే వెదుకుతారని గొంకనకు తెలుసు. ఊరు విడిచే ముందు చెల్లెలి గడప దాకా వెళ్ళి, లోపల ఏడుపు విని, అడుగు పెట్టలేక వెనక్కు తిరిగాడు. తన ఇంటి కొలిమిలో ఎర్రగా కాలుతున్న నిప్పును పట్టకారుతో తీసి కుడి చెంపకు అదుముకున్నాడు.

ఆరో రోజు మధ్యాహ్నం, బొగ్గుల గంప నెత్తిన పెట్టుకుని, అతను ధూమ్రపురి ముందు నిలబడ్డాడు.

ఆ నగరం నల్లరాతి కొండ నడుములో తేనెపట్టులా వేలాడుతోంది. ఏడు ప్రాకారాలు, ఒక్కొక్క ప్రాకారానికి సింహముఖాల బురుజులు, బురుజుల మీద ఇత్తడి శిఖరాలు. ఒకప్పుడు ఆ శిఖరాలు ఆమడ దూరం మెరిసేవట. ఇప్పుడు వాటి మీద మసి పేరుకుని కాకులు వాలినట్టుంది. నూట ఇరవై కొలిముల పొగ కొండను చుట్టుకుని, వీధుల్లోకి దిగి, ఆడవాళ్ళ కొప్పుల్లోని పూలను కూడా నల్లబరిచింది. పట్టపగలే అంగళ్ళలో దీపాలు వెలుగుతున్నాయి. ఎవరూ గట్టిగా మాట్లాడడం లేదు.

"చెంప ఏమైందిరా?" అని కావలివాడు బల్లెం మొనతో అతని గడ్డం ఎత్తాడు.

"బొగ్గుల బట్టీలో పడ్డానయ్యా."

కావలివాడు పుండు దగ్గరకు వంగి చూశాడు. చీము వాసనకు ముఖం చిట్లించి, గంపను బల్లెంతో నాలుగుసార్లు పొడిచి, "పెద్ద కొలిమికి పో" అని తోసేశాడు.

పెద్ద కొలిమి అంటే ఒకప్పటి గజశాల. నూరు ఏనుగులు నిలబడే ఆ శాలలో ఏనుగులు లేవు. చెక్కిన స్తంభాల మధ్య వందలమంది పనివాళ్ళు తలలు వంచుకుని ఇనుపగొట్టాలను ఆకురాళ్ళతో రాస్తున్నారు. శాల చివర, గోడకు దిగేసిన గొలుసుతో కాలు బంధించబడి, తెల్లని గడ్డం బొడ్డు దాకా దిగిన వృద్ధుడొకడు ఇనుము సాగగొట్టే దాగలి ముందు కూర్చున్నాడు. అతని పక్కన ఒక స్త్రీ, పాతికేళ్ళుంటాయి, సన్నని ఉక్కుసూదులను నూనెలో ముంచి తీస్తోంది.

గొంకన బొగ్గులు కుమ్మరించాడు. కొలిమి మంట పలచగా ఉంటే చెయ్యి ఊరుకోలేదు. పట్టకారు తీసుకుని బొగ్గులను గాలి దారికి అడ్డం లేకుండా సర్దాడు.

వృద్ధుడు తలెత్తకుండానే అన్నాడు. "బొగ్గులోడు కొలిమి ఇట్టా సర్దడు నాయనా. నువ్వు కమ్మరోడివి. ఎవరి తాలూకు?"

గొంకన పట్టకారు కింద పెట్టాడు. చుట్టూ చూశాడు. ఆ ఇద్దరు తప్ప వినేంత దగ్గర్లో ఎవరూ లేరు. దాచి లాభం లేదనిపించింది. "తుమ్మలేటి అవతలివాణ్ణి పెద్దయ్యా. మూడు వేలమందిమి వచ్చాం. దాదాపు అంతా పోయారు. ఏం పట్టుకుని చంపారో చూద్దామని వచ్చా."

సూదులు ముంచుతున్న స్త్రీ చేయి ఆగిపోయింది. వృద్ధుడు కళ్ళు మూసుకున్నాడు. అతని పేరు మల్లోజు. ఆ స్త్రీ అతని కూతురు మైలమ.

"మూడు వేలా?" అన్నాడు మల్లోజు. "నాకు ఎవరూ చెప్పలేదు."

"చెప్తే పని మానేస్తావని చెప్పలేదయ్యా" అంది మైలమ మెల్లగా.

మల్లోజు దాగలి పక్కనున్న తుపాకిని ఒళ్ళోకి తీసుకున్నాడు. చూడడానికి మామూలు తుపాకే. కాని గొట్టం మొదట్లో తలుపు గడియ లాంటి పిడి ఉంది. ముసలివాడు ఆ పిడిని పైకి తిప్పి వెనక్కు లాగాడు. గొట్టం వెనుకవైపు నోరు తెరుచుకుంది. అందులో తూటా పెట్టి, గడియ ముందుకు తోసి, పిడి కిందికి దించాడు. కడ్డీ లేదు, దట్టించడం లేదు. రెండు గుటకలు మింగేలోపు పని అయిపోయింది.

"మీట నొక్కితే లోపలినించి సూది దూకుద్ది. కాగితాన్ని, మందుని చీల్చుకుపోయి రంజకాన్ని పొడుస్తది. బోర్లా పడుకుని కాల్చొచ్చు, మళ్ళీ పడుకునే నింపొచ్చు. లేవక్కర్లేదు." మల్లోజు మాట ఆపి దగ్గాడు. "మా ఊరిని మీ పాత రాజు మూడుసార్లు తగలబెట్టాడు. మూడోసారి నా ఇద్దరు కొడుకులు పొలంగట్టు మీద నిలబడి మందు కూరుకుంటూ చచ్చిపోయారు. నిలబడకుండా ఉంటే బతికేవాళ్ళని దీన్ని చేశా. రైతులకని చేశా. కంకాళనాథుడు నన్నూ దీన్నీ పట్టుకొచ్చి, తన మంత్రమని చెప్పుకుంటున్నాడు."

ఆ మూడోసారి ఊరు తగలబెట్టిన దండులో తను ఉన్నాడో లేదో గొంకనకు గుర్తు రాలేదు. అలాంటి ఊళ్ళు చాలా ఉన్నాయి.

"ఒకటి నాకివ్వు పెద్దయ్యా. మా రాజు వెయ్యి చేయిస్తాడు."

"అప్పుడు రెండు వైపులా పడుకునే కాల్చుకుంటారు" అన్నాడు మల్లోజు. "ఒక పూటలో తేలే యుద్ధం ఏడాదికీ తేలదు. నేలలో గోతులు తవ్వుకుని అందులోనే కాపురముంటారు. అది చూడాలనుందా?"

"ఇవ్వకపోతే పదిరోజుల్లో మా ఊళ్ళో మొగాళ్ళెవరూ మిగలరు. మా చెల్లెలి మొగుణ్ణి ఇప్పటికే పూడ్చకుండా వదిలొచ్చా. నువ్వే చెప్పు, ఏం చెయ్యమంటావో."

మల్లోజు తుపాకిని ఖాళీ గంపలోకి జార్చి పైన గోనెగుడ్డ కప్పాడు. "నిప్పుల్లో దూకీ దూకీ సూది విరుగుద్ది. కొత్త సూది లేకపోతే ఇది ఉత్త ఇనుపకట్టె. ఆ సూదికి పదును పెట్టడం నా తరవాత మైలమ ఒక్కదానికే వచ్చు. తుపాకి కావాలంటే మైలమను కూడా తీసుకుపో. ఇక్కడ వద్దు నాయనా. ఇది నా బిడ్డ ఉండాల్సిన చోటు కాదు."

అదే సమయంలో శాల ముందు శంఖం మోగింది. పనివాళ్ళందరూ పనిముట్లు వదిలి నేలకు సాగిలపడ్డారు.

కంకాళనాథుడు వచ్చాడు. ఆరడుగుల పైన ఎత్తు, ఎండుకట్టెలాంటి ఒళ్ళు, మోకాళ్ళ దాకా వేలాడే జడలు, మెడలో రాబందుల ముక్కులు గుచ్చిన దండ, నొసట కాటుకతో గీసిన మూడో కన్ను. అతని నడకకు చప్పుడు లేదు. వెనుక ఇరవై మంది భటులు కొత్త తుపాకులతో ఉన్నారు. అతను ఎవరివంకా చూడలేదు. ఎడమచేతి బొటనవేలి గోరుకు అంజనం రాసుకుని, దానిలోకే చూస్తూ శాల నడిమధ్యకు వచ్చి నిలబడ్డాడు.

"వాగు కనిపిస్తున్నది" అన్నాడు నెమ్మదిగా. "మంచు కనిపిస్తున్నది. శవం కింద ఒక బతికినవాడు కనిపిస్తున్నాడు. వాడు లేచి నడుస్తున్నాడు. చెంప కాల్చుకుంటున్నాడు." అప్పుడు తలెత్తి, శాలలో ఉన్న వందలమందిలో నేరుగా గొంకన ముఖంలోకి చూశాడు. "ద్వారాలు మూయండి."

శాల తలుపులు మూతపడుతున్న చప్పుడు వినబడింది. భటులు పిడులు తిప్పారు. ఇరవై గడియలు ఒకేసారి కదిలిన ఆ చిన్న చప్పుడు గొంకన వెన్నులో దిగింది. ముందు వాగు దగ్గర అతనికి అది వినబడలేదు, ఇప్పుడు వినబడింది.

మల్లోజు లేచి నిలబడ్డాడు. గొలుసు సాగినంత మేర ముందుకు వచ్చాడు. అతని చేతిలో నిప్పులు నింపిన మూకుడు ఉంది. తూటాలు చుట్టే మందు తొట్టెలు అతని కుడివైపు వరసగా ఉన్నాయి.

"మైలమా, బొగ్గు దొడ్డికి పో తల్లీ" అన్నాడు. అది ఇంట్లో పనికి పంపే గొంతు. "వెనక్కు చూడబాక."

"అయ్యా" అంది మైలమ. కదల్లేదు. గొంకన ఒక చేత్తో గంపను, ఇంకొక చేత్తో ఆమె మణికట్టును పట్టుకుని లాగాడు. ఆమె సూదుల సంచీని, తూటాల సంచీని మాత్రం వదల్లేదు. వాళ్ళు బొగ్గులు దించే కిటికీలోంచి దొర్లుతుండగా మల్లోజు మూకుడును తొట్టెలోకి వంచాడు.

గజశాల కప్పు ఆకాశానికి లేచింది. వందేళ్ళ స్తంభాలు చెరుకుగడల్లా విరిగాయి. దొడ్డిలో కట్టేసిన గుర్రాలు తాళ్ళు తెంపుకున్నాయి. గొంకన ఒకదాని జూలు పట్టుకుని ఎక్కి మైలమను వెనుక కూర్చోబెట్టుకున్నాడు. మసిలో, అరుపుల్లో, పరుగెత్తే జనంలో, వాళ్ళిద్దర్నీ ఎవరూ అడ్డగించలేదు. చివరి ప్రాకారం దాటుతుండగా మాత్రం కూలిన శాల మీది పొగ చీల్చుకుని ఏడు రాబందులు పైకి లేచి వాళ్ళ నెత్తి మీద గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి. కంకాళనాథుడు చావలేదని గొంకనకు అర్థమైంది.

ఎటు తిరిగినా ఆ పక్షులు వదల్లేదు. అడవిలో దూరితే చెట్ల మీద, లోయలో దిగితే లోయ మీద అవి తిరుగుతూనే ఉన్నాయి. మర్నాడు మధ్యాహ్నానికి వాళ్ళు డేగల కనుమ చేరారు. దాని అవతల వైజయంతి రాజ్యం. అక్కడే గుర్రం ముందుకాళ్ళ మీద కూలబడి మళ్ళీ లేవలేదు.

కనుమ అంటే రెండు కొండల మధ్య నాలుగు గుర్రాలు పట్టేంత దారి. దిగువన విశాలమైన గడ్డిమైదానం. ఆకాశం సీసపు రంగులో కిందికి దిగివచ్చింది. మైదానం అంచున దుమ్ము కనబడింది. రౌతులు, అరవై మందికి తక్కువ లేరు.

"నడిచి తప్పించుకోలేం" అంది మైలమ. నిన్నటినుంచి ఆమె మాట్లాడిన మొదటి మాట అదే. "తూటాలు డెబ్భై ఉన్నాయి. సూదులు పది."

గొంకన ఒక బండ వెనుక బోర్లా పడుకున్నాడు. పిడి తిప్పాడు, తూటా పెట్టాడు, గడియ మూశాడు. రౌతులు కత్తులు దూసి నలుగురేసి బారుగా కనుమ ఎక్కుతున్నారు. బండ మీద ఎవరూ నిలబడి లేకపోవడంతో వాళ్ళు జంకలేదు.

మొదటి గుండుకు ముందున్నవాడు జీను మీద నుంచి జారిపోయాడు. గడియ సందులోంచి మంట వెనక్కు తన్ని గొంకన చెంప పుండును మళ్ళీ కాల్చింది. అతను ఆగలేదు. తిప్పు, పెట్టు, ముయ్యి, నొక్కు. రెండోవాడు. మూడోవాడు. పడిన గుర్రాల మీద వెనుక గుర్రాలు తొట్రుపడ్డాయి. ఇరుకు దారిలో తిరగడానికి చోటు లేక రౌతులు ఒకరి మీద ఒకరు పడ్డారు. సూది విరిగింది. మైలమ గడియ లాగి, పాతది తీసి కొత్తది తొడిగి, తుపాకి అతని చేతికిచ్చింది. అతను మళ్ళీ మొదలుపెట్టాడు.

ఇందులో పౌరుషం ఏమీ లేదు. మందు పొగలో అతనికి వాళ్ళ ముఖాలు సరిగా కనబడడం లేదు. తనకు భయం వేయాల్సిన సమయంలో భయం వేయలేదు, కోపం రావాల్సిన సమయంలో కోపం రాలేదు. చేతులు కొలిమి దగ్గర మేకులు కొట్టినట్టు పని చేసుకుపోయాయి. రెండో సూది కూడా విరిగేసరికి దారిలో కదిలేది ఏదీ లేదు. ఒక్క గుర్రం మాత్రం లేవబోతూ, పడిపోతూ ఉంది.

"ఆ ముందు పడ్డ బట్టతలాయన మా వీధివాడు" అంది మైలమ. "మా అయ్యకు ఇనుము తెచ్చిచ్చేవాడు. బలవంతాన గుర్రమెక్కించారు."

గొంకన ఆమె వైపు చూడలేకపోయాడు. "ముందే చెప్పాల్సింది."

"చెప్తే కాల్చవేమోనని చెప్పలేదన్నా" అంది. మూడో సూది తొడిగి తుపాకి అతని చేతికిచ్చింది.

గొంకన ఆ తుపాకిని పక్కన పెట్టి రెండు చేతుల్లో తల పట్టుకున్నాడు. దీన్నిప్పుడే బండకేసి కొట్టి ముక్కలు చేయాలనిపించింది. ముక్కలు చేస్తే చిత్రభానుడి కోట ముందు నిలబడబోయే తన వాళ్ళకు ఏం చెప్పాలో తెలియలేదు. చెల్లెలి ఇంటి గడప గుర్తొచ్చింది. తుపాకిని మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నాడు.

"ఇంకా ముప్పై మంది దాకా ఉండాలి. ఏరీ?" అంది మైలమ.

అతను బండ మీదుగా తొంగి చూశాడు. మైదానం అంచున ముప్పై గుర్రాలు ఖాళీ జీనులతో తలలు వంచి మేస్తున్నాయి. వాటి మీద ఒక్క రౌతు లేడు. నడిచివచ్చేవాడు కూడా లేడు. నెత్తి మీది రాబందులు గుండ్రంగా తిరగడం మాని, మైదానం నుంచి కనుమ వైపుకు ఒక పొడుగాటి గీతలా ఎగురుతూ వస్తున్నాయి.

"తల కిందికి దించు చెల్లీ" అన్నాడు గొంకన.

గాలి పూర్తిగా పడిపోయింది. మైదానంలో నడుమెత్తు గడ్డి ముప్పై చోట్ల కదులుతోంది, ఆ గడ్డిలోంచి గడియలు మూసిన చిన్న చప్పుడు వినబడింది.